సమావేశంలో ‘కన్సెంట్’ని తెలుగులో ఏమంటున్నారు? మా ‘సరే’ మమ్మల్ని ముంచింది

అరుగుమీద_పుస్తకం
మాది విజయనగరం జిల్లాలో చిన్న టౌన్. కిరాణా కొట్టు మేడ మీద రెండు గదుల్లో అయిదేళ్లుగా పిల్లల లైబ్రరీ నడుపుతున్నాం. రిజిస్టర్డ్ సొసైటీ. ఎవరికీ జీతాల్లేవు. కమిటీలో పదకొండు మందిమి, వచ్చిపోయే వాలంటీర్లు ఇంకో పదిహేను మంది ఉంటారు. రెండేళ్ల కిందటి దాకా మాక్కూడా అన్నిచోట్లలాగే ప్రెసిడెంటు చెప్పడం, మిగతావాళ్లు చేతులెత్తడం. ఓటింగులో ఓడిన కోపంతో ఇద్దరు మంచివాళ్లు వెళ్లిపోయారు. అప్పుడు నేను ఆన్‌లైన్‌లో సోషియోక్రసీ అనే, సంస్థలు నడిపే పద్ధతి నేర్చుకుని వచ్చి, ఇకనుంచి ఓట్లు వద్దు, ఎవరికీ కారణమున్న అభ్యంతరం లేకపోతేనే నిర్ణయం అన్నాను. అందరికీ నచ్చింది.

నచ్చింది గానీ మాటలన్నీ ఇంగ్లీషువే. సర్కిల్ (ఒక పని చూసే చిన్న గుంపు), కన్సెంట్ (అభ్యంతరం లేదనడం), అబ్జెక్షన్, డొమైన్ (ఎవరు దేని మీద నిర్ణయించొచ్చో ఆ హద్దు), డబుల్ లింక్ (రెండు గుంపుల్ని ఇద్దరు మనుషులతో కలపడం). తెలుగులో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నోటికొచ్చింది వాడాను. కన్సెంట్‌ని ఓసారి అంగీకారం అన్నాను, ఓసారి ఏకాభిప్రాయం అన్నాను, చాలాసార్లు ‘అందరికీ ఓకేనా?’ అన్నాను.

జూన్‌లో, పిల్లలకి పొద్దున ట్యూషన్లు ఉంటున్నాయని లైబ్రరీ టైముని సాయంత్రానికి, ఆరు నుంచి తొమ్మిది దాకా ఉండేలా మార్చాలని ప్రతిపాదన పెట్టాం. ‘అందరికీ కన్సెంటేనా?’ అన్నాను. సరే సరే అన్నారు. రోజూ తాళం తీసి, ఊడ్చి, బెంచీలు వేసే పెద్దమ్మ ఒకావిడ ఉంది. ఆవిడా కమిటీ మెంబరే, మొదటి రోజు నుంచి ఉన్న మనిషి. ఆవిడ ‘మీ ఇష్టం’ అంది. మినిట్స్‌లో ‘అందరూ సమ్మతించారు’ అని రాశాను. నా చేతిరాతే.

మూడో వారం నుంచి ఆవిడ రావడం లేదు. తాళంచెవి కింద కొట్టులో ఇచ్చేసి వెళ్లిపోయింది. తర్వాత తెలిసింది, వాళ్ల ఊరికి ఆఖరి బస్సు ఏడున్నరకి.

అప్పట్నుంచి నాకు ఆ మినిట్స్ పుస్తకం తెరవాలంటే కష్టంగా ఉంది. సంస్థలు ఇలా నడిపేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే చెప్పండి. ఈ మాటలకి తెలుగులో మీరేం వాడుతున్నారు? అందరికీ ఒకే అర్థం వచ్చే మాటలు కావాలి, నిఘంటువు మాటలు కాదు.

లెక్కల_మాస్టారు
మాట కన్నా అడిగిన తీరులో ఉంది తప్పు. ‘అందరికీ ఓకేనా?’ అంటే గుంపు జవాబు చెబుతుంది, మనిషి చెప్పడు. క్లాసులో ‘అర్థమైందా?’ అంటే నలభై గొంతులు ఒకేసారి ‘అయింది సార్’ అంటాయి. ముప్పై ఏళ్లు విన్నాను. ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడగండి.

గోదారిగట్టు
మౌనం అర్ధాంగీకారం అంటారు. అందులో ‘అర్ధం’ అనే ముక్కని ఎవరూ పట్టించుకోరు. మిగతా సగం ఆ పెద్దమ్మ బస్సులో ఇంటికి తీసుకెళ్లిపోయింది.

తాటిముంజ
‘మీ ఇష్టం’ అన్నప్పుడే ఆగాల్సింది అక్కా. మా ఇంట్లో అమ్మ ‘మీ ఇష్టం’ అందంటే ఆ పని ఇక జరగదని అందరికీ తెలుసు.

అరుగుమీద_పుస్తకం
@తాటిముంజ అవును. ఇంట్లో తెలిసిన సంగతి మీటింగులో ఎందుకు గుర్తు రాలేదో అదే బాధ.

పాలకొండ_రెండోలీడరు
నేను డ్వాక్రా గ్రూపులో రెండో లీడరుని. ఈ ఇంగ్లీషు పేరు ఇప్పుడే వింటున్నాను గానీ మీరు చెప్పే పని మాకు అలవాటే. మా గ్రూపులో పన్నెండు మందిమి. బ్యాంక్ లింకేజీ డబ్బు వచ్చినప్పుడు ఎవరికెంత, ఎవరు ముందు అన్నది తేలాలి. మొదట్లో చేతులెత్తించేవాళ్లం. ఏడుగురిది ఒక వీధి, అయిదుగురిది ఇంకో వీధి. చేతులెత్తినన్నాళ్లూ ఆ అయిదుగురి వంతు ఆఖర్నే. చివరికి వాళ్లు పొదుపు కట్టడం తగ్గించేశారు, గ్రూపు విరిగేదాకా వచ్చింది.

అప్పట్నుంచి మా మొదటి లీడరు, పెద్దావిడ, తీర్మానం పుస్తకంలో సంతకాలకి ముందు చాప చుట్టూ కూర్చున్న ఒక్కొక్కళ్లనీ చూసి అడుగుతుంది: ‘నీకేటైనా ముల్లుందా?’ అని. కాల్లో ముల్లుంటే నడవలేం. దాచుకుంటే చీము పడుతుంది. ముల్లుందన్నవాళ్లని ఎవరూ తిట్టం. ఎక్కడ గుచ్చుకుందో చూపించమంటాం, అందరం కలిసి తీస్తాం.

పోయినేడు ఒకామె గేదెకి నలభై వేలు అడిగింది. ఎనిమిది మంది వరుసగా ‘లేదు, లేదు’ అన్నారు. తొమ్మిదో ఆమె ‘ముల్లుంది’ అంది. గేదె మీద కాదు. శ్రావణంలో కూతురి కాన్పు ఉంది, అప్పటికి గ్రూపులో డబ్బు మిగలదేమోనని ఆమె భయం. గేదెకి ముప్పై ఇచ్చి పది ఉంచాం. గేదె కొన్నామె మిగతాది పాల డబ్బుతో సర్దుకుంది. అయిదు నిమిషాల పని. అడక్కపోతే ఆమె నోరు విప్పేది కాదు, బయట వడ్డీకి తెచ్చుకునేది.

గోదారిగట్టు
ముల్లు! ఇంతకన్నా మంచి మాట దొరకదు. ‘అభ్యంతరం’ అంటే లాయరు లేచి నిలబడినట్టు ఉంటుంది. ‘అడ్డు చెబుతున్నాను’ అంటే వెంటనే అడ్డుపుల్ల వేస్తున్నాడంటారు. ముల్లు అంటే చెప్పినవాడి తప్పేమీ ఉండదు.

బెజవాడ_బాబాయ్
నాదొక ప్రశ్న. ఇదంతా దేనికి? మన ఊళ్లలో రచ్చబండ దగ్గర పెద్దలు కూర్చుని అందర్నీ కలుపుకుని నిర్ణయం చేసేవారు. ఓట్ల పద్ధతి తర్వాత వచ్చింది. ఇప్పుడు బయటి దేశం నుంచి ఇంకో పద్ధతి తెచ్చి, దానికి తెలుగు మాటలు వెతుక్కోవడం ఎందుకమ్మా?

చెరువుకింద_పొలం
బాబాయ్, రచ్చబండ మీద ఎవరు కూర్చునేవారో, కింద ఎవరు చేతులు కట్టుకుని నిలబడేవారో మా నాన్నని అడిగితే చెబుతాడు. మా వాడ నుంచి ఒక్కరూ ఆ బండ ఎక్కలేదు. ‘ఊరంతా ఒప్పుకుంది’ అన్న ప్రతి నిర్ణయంలోనూ మావాళ్లు ఒప్పుకున్నట్టే లెక్క. ఎవరూ అడిగింది లేదు.

బెజవాడ_బాబాయ్
నిజమే నాయనా. నేను చూసింది బండ మీద నుంచి. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ప్రశ్న మాత్రం ఉంచుతాను, ఈ పద్ధతి అసలు ఎక్కడిది?

ఐండ్‌హోవెన్_నుంచి
బాబాయ్ గారి ప్రశ్నకి నేను చెప్పగలను, నేనుండే దేశం నెదర్లాండ్స్‌దే ఇది. ‘సోషియోక్రసీ’ అన్న మాట ఫ్రెంచి తత్త్వవేత్త ఓగుస్త్ కోంత్‌ది, 19వ శతాబ్దం నాటిది. ఆచరణలో పెట్టింది ఇక్కడ బడి నడిపిన కేస్ బూకె. 1926లో బిల్ట్‌హోవెన్‌లో భార్య బెట్టీతో కలిసి బడి పెట్టాడు. ఆవిడ ఇంగ్లండులో క్యాడ్‌బరీ చాక్లెట్ల కుటుంబం అమ్మాయి. ఇద్దరికీ క్వేకర్ల సంప్రదాయం. క్వేకర్లంటే క్రైస్తవుల్లో ఒక శాఖవాళ్లు. క్వేకర్ల సభల్లో ఓటింగు ఉండదు. అందరూ మాట్లాడాక, మధ్యలో మౌనంగా కూర్చున్నాక, సభ మనసు ఎటు ఉందో చూసి రాసుకుంటారు. బూకె అదే తన బడిలో పెట్టాడు. పిల్లలూ టీచర్లూ కలిసి కూర్చుని బడి సంగతులు తేల్చుకునేవారు.

ఆ బడిలో చదివిన హెరార్డ్ ఎండెన్‌బర్గ్ ఇంజినీరయ్యాడు. తల్లిదండ్రుల ఎలక్ట్రికల్ కంపెనీ చేతికి వచ్చాక, 1970లలో ఆ పద్ధతిని అక్కడ పెట్టాలనుకున్నాడు. బడిలో అందరూ ఒకరికొకరు తెలుసు, అందరి మనసూ ఒకచోటికి రావడం సాధ్యమే. కంపెనీలో ఎలా? అందుకని ఆయన ప్రశ్ననే మార్చాడు. ‘అందరికీ నచ్చిందా?’ బదులు ‘ఎవరికైనా ఇది భరించలేనంత అడ్డమా?’ అన్నాడు. మోటారులో ఏ ఒక్క భాగం హద్దు మించి వేడెక్కినా మొత్తం మోటారు ఆగుతుంది కదా, అదీ ఆ ఇంజినీరు లెక్క. మనిషికీ అలాంటి హద్దు ఉంటుంది. మీ పెద్దమ్మ హద్దు ఏడున్నర బస్సు.

నా ఉద్దేశంలో ‘కన్సెంట్’ అంటే ఇదే: నా హద్దులోపల ఉంది. నచ్చాలని లేదు.

పదాల_పెట్టె
ఇప్పుడు అసలు చిక్కు తేలింది. మనం మూడు వేరే సంగతుల్ని ఒకే మూటలో కట్టేస్తున్నాం. అరుగుమీద_పుస్తకం గారు ‘ఏకాభిప్రాయం’ వాడానన్నారు. ఏకాభిప్రాయం అంటే అందరి అభిప్రాయం ఒకటి కావడం. అది కన్సెన్సస్. ‘ఏకగ్రీవం’ ఇంకా దూరం. గ్రీవం అంటే మెడ, అందరికీ కలిపి ఒకటే మెడ. పంచాయతీ ఎన్నికల్లో ఒక్కరే నామినేషన్ వేస్తే ఏకగ్రీవం అంటాం. ఆ ఒక్కరు ఎలా మిగిలారో ఎవరూ అడగరు. కొన్ని ఊళ్లలో సర్పంచి పదవికి వేలం పాటలు జరిగాయని పేపర్లలో చదివాం. బయటికి అదీ ఏకగ్రీవమే.

కన్సెంట్‌లో అభిప్రాయాలు వేరుగానే ఉంటాయి, ఉండొచ్చు. కాబట్టి ‘ఏక’తో మొదలయ్యే ఏ మాటా దీనికి పనికిరాదు. ‘సమ్మతి’ దగ్గరగా ఉంది. నా ఓటు సమ్మతికి.

నర్సక్క_కర్నూలు
సమ్మతి అనగానే నాకు ఆపరేషన్ ముందు సంతకం పెట్టించే సమ్మతి పత్రం గుర్తొస్తుంది. ఎవరూ చదవరు. చెయ్యి వణుకుతూ ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతారు. ఆ మాటకి ఆ వాసన ఉంది.

తాటిముంజ
ఎన్‌ఓసీ అంటే సరిపోదా? కరెంటు కనెక్షన్ దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా అందరికీ తెలిసిన మాట. నిరభ్యంతర పత్రం. ‘నా ఎన్‌ఓసీ ఇస్తున్నా’ అంటే అర్థం కూడా కరెక్టు. నాకు ఇష్టమని కాదు, అభ్యంతరం లేదని.

చెరువుకింద_పొలం
ఎన్‌ఓసీ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకి ఆ మాట వింటేనే నీరసం. ‘పర్లేదు’ అనండి. ‘నాకు పర్లేదు’. అంత సింపుల్.

పదాల_పెట్టె
పర్లేదు! నాకు తట్టలేదు. ‘పర్వా’ ఫారసీ మాట, ఉర్దూ మీదుగా మనకి వచ్చింది, చింత అని అర్థం. పర్వా లేదు అంటే చింత లేదు. ‘భోజనం ఎలా ఉంది?’ అంటే ‘పర్లేదు’ అంటాం. గొప్పగా లేదు, తినొచ్చు. సోషియోక్రసీ వాళ్లు ‘ప్రస్తుతానికి చాలు, చేసి చూడటానికి భయం లేదు’ అని రెండు ముక్కల్లో చెప్పేది మనం ఒక్క మాటలో చెబుతున్నాం. నా ఓటు మార్చుకుంటున్నాను.

నర్సక్క_కర్నూలు
ఆగండి. ‘పర్లేదు’ని నేను రోజుకి యాభైసార్లు వింటాను. కుట్లు నొప్పి పుడుతున్నాయా అమ్మా అంటే ‘పర్లేదు’. దుప్పటి తీస్తే కట్టు తడిసి ఉంటుంది. ముఖ్యంగా ఆడవాళ్లు, ముసలివాళ్లు, కూలికి వెళ్లేవాళ్లు. ఇంకొకరికి ఇబ్బంది కలగకూడదని చిన్నప్పట్నుంచి నేర్పించిన మాట అది. జ్వరంతో వంట చేస్తున్న కోడలు కూడా ‘పర్లేదు’ అనే అంటుంది. మీ పెద్దమ్మ ఆ రోజు ‘మీ ఇష్టం’ బదులు ‘పర్లేదు’ అని ఉంటే మీరు ఇంకా నిశ్చింతగా మినిట్స్ రాసేవారు.

మేం చేసేదేమిటంటే, నొప్పి ఉందా అని అడగం. ‘లేచి బాత్రూముకి వెళ్లగలిగారా? రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది?’ అంటాం. అలా అడిగితే నిజం చెబుతారు. మీరూ ‘సమ్మతమా?’ అని కాకుండా ‘తొమ్మిదింటికి మూసేస్తే మీరు ఇంటికెలా వెళ్తారు?’ అని అడిగి ఉంటే బస్సు సంగతి అక్కడే బయటపడేది.

లెక్కల_మాస్టారు
నర్సక్క చెప్పింది బంగారం. మొదటి పోస్టులో నేను చెప్పిన దాని కన్నా ఇది ముఖ్యం. పేరు పెట్టి అడిగినా ‘సమ్మతమా?’ అంటే పెద్దమ్మ ‘మీ ఇష్టం’ అనే అనేది.

అరుగుమీద_పుస్తకం
నర్సక్కా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. వెళ్లి ఆవిడని కలవాలి, ఇంతవరకూ వెళ్లలేదు. ఈ వారం వెళ్తాను.

కూకట్‌పల్లి_ఫ్లాట్స్
రెండో వైపు కూడా చూడండి. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఏడాది కింద ఈ పద్ధతి మొదలుపెట్టాం. మాకు నోరు విప్పనివాళ్లతో కాదు, నోరు మూయనివాళ్లతో వచ్చింది టెన్షన్. ఒక పెద్దాయన ప్రతిదానికీ అభ్యంతరమే. లిఫ్ట్ కాంట్రాక్టుకి అభ్యంతరం, మెట్ల గోడల రంగుకి అభ్యంతరం. ‘నా కన్సెంట్ లేకుండా చెయ్యకూడదు, మీరే చెప్పారు’ అంటాడు. నాలుగు నెలలు రంగు పడలేదు.

గోదారిగట్టు
ఆయనది ముల్లు కాదు, ముళ్లకంచె.

కూకట్‌పల్లి_ఫ్లాట్స్
😀 తర్వాత మాకు అర్థమైంది, అభ్యంతరం అంటే ఏమిటో మేమే ముందు చెప్పుకోలేదని. ఇప్పుడు ఒకటే అడుగుతాం: ‘దీనివల్ల మనం చేయాల్సిన పనికి ఏం దెబ్బ?’ లిఫ్ట్ కాంట్రాక్టు మీద ఆయన చెప్పింది నిజమైన కారణం, ఆ కంపెనీవాళ్లు రాత్రిపూట రామని కాగితంలోనే రాశారు. ఆయన చూశాడు, మేం చూడలేదు. దాన్ని మార్చాం. రంగు సంగతి మాత్రం ఆయనకి లేత పసుపు నచ్చదు, అంతే. అది నచ్చకపోవడం. రాసుకున్నాం, గౌరవంగా విన్నాం, రంగు వేశాం. ఆయన అలగలేదు. నచ్చలేదని చెప్పుకోవడానికీ ఒక చోటు దొరికింది కదా.

పాలకొండ_రెండోలీడరు
మా పెద్దావిడా అంతే. ‘ముల్లా? దురదా?’ అని అడుగుతుంది. దురదైతే గోక్కుని నడవమంటుంది.

తాటిముంజ
దీన్ని మా ఆఫీసు గోడ మీద రాసుకుంటున్నాను.

న్యూజెర్సీ_అత్త
ఇక్కడ మా తెలుగు సంఘం మీటింగులన్నీ రాబర్ట్స్ రూల్స్ ప్రకారమే. 1876లో ఒక అమెరికా సైన్యాధికారి రాసిన సభా నియమాలు. తెలుగులో కూడా ‘ప్రతిపాదిస్తున్నాను’, ‘బలపరుస్తున్నాను’ అని చక్కగా అంటాం. చూడముచ్చటగా ఉంటుంది. అదే మర్యాదతో, అదే మాటలతో, హాలు కొనాలా వద్దా అన్నదాని మీద రెండు ఓట్ల తేడాతో గెలిచి సంఘాన్ని రెండు ముక్కలు చేసుకున్నాం. ఉగాది ఇప్పుడు రెండు చోట్ల. ఓడినవాళ్ల భయం ఏమిటో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే నెల వాయిదా ఎంతో కూర్చుని లెక్క వేసేవాళ్లం. వాళ్ల భయమంతా అక్కడే ఉంది.

ఆడిటర్_తమ్ముడు
అందరూ మాటల వేటలో ఉన్నారు, నేను కాగితం సంగతి చెప్పాలి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరైన సంఘాలకి జనరల్ బాడీ, కార్యవర్గం, కోరం (సభ చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు) ఉంటాయి. మీ బైలాస్‌లో మెజారిటీ ఓటు అని రాసి ఉంటే, సమ్మతితో తేల్చుకున్నా మినిట్స్‌లో తీర్మానంగానే రాయాలి. బ్యాంకు ఖాతాలో సంతకం మార్చడానికి ‘ఎవరికీ ముల్లు లేదు’ అని తీసుకెళ్తే మేనేజరు ఒప్పుకోడు. మీరు మాట్లాడుకునే మాట ఏదైనా పెట్టుకోండి, పుస్తకంలో ‘అభ్యంతరం’, ‘తీర్మానం’ ఉండనివ్వండి. వీలైతే వచ్చే జనరల్ బాడీలో బైలాస్ సవరించి, ముందు సమ్మతి ప్రయత్నించాలి, ఫలానా గడువులో తేలకపోతే ఓటు అని స్పష్టంగా పెట్టండి.

పదాల_పెట్టె
రెండు భాషలు పక్కపక్కన పెట్టుకోవడమే మంచిది. చాప మీద ముల్లు, పుస్తకంలో అభ్యంతరం.

చెరువుకింద_పొలం
మరి ‘సర్కిల్’కి? ‘వలయం’ అంటే విషవలయం, పద్మవ్యూహం లాంటివే గుర్తొస్తాయి.

గోదారిగట్టు
‘చక్రం’ మాత్రం వద్దే వద్దు. చక్రం తిప్పేవాళ్లు ఇప్పటికే ఎక్కువయ్యారు.

లెక్కల_మాస్టారు
జట్టు. పుస్తకాల జట్టు, డబ్బు జట్టు, బడుల జట్టు. చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది. ‘కమిటీ’ అంటే వెంటనే ప్రెసిడెంటు ఎవరని అడుగుతారు. జట్టు అంటే ఏం ఆడుతున్నారని అడుగుతారు.

అరుగుమీద_పుస్తకం
జట్టు తీసుకుంటున్నాను! డబుల్ లింక్ మాత్రం నాకు అస్సలు కుదరడం లేదు. పెద్ద జట్టు నుంచి ఒకరు, చిన్న జట్టు తనే పంపుకున్న ఇంకొకరు, ఇద్దరూ రెండు చోట్లా నిర్ణయంలో ఉండాలి కదా. నేను ‘రాయబారి’ అన్నాను. అప్పట్నుంచి మా బడుల జట్టు నుంచి వచ్చే అబ్బాయి చెప్పాల్సింది చెప్పేసి మౌనంగా కూర్చుంటున్నాడు.

పదాల_పెట్టె
కూర్చుంటాడు మరి. రాయబారి మాట మోస్తాడు, తీర్పులో భాగం ఉండదు. కృష్ణుడంతటివాడు రాయబారానికి వెళ్లినా వినలేదు. ‘లంకె’ అనండి. జంట లంకె. లంకె రెండు వైపులా పట్టుకుంటుంది.

ఐండ్‌హోవెన్_నుంచి
జంట లంకె ఎందుకో చెప్పే సంఘటన ఒకటి ఉంది, ఎండెన్‌బర్గ్ కంపెనీలోదే. 1976లో దగ్గర్లోని ఓడల యార్డు మూతపడితే వీళ్లకి రావాల్సిన పని ఒక్కసారిగా పోయింది. మనుషుల్ని తీసేయాలని పైవాళ్లు తేల్చారు. అప్పుడు ఒక ఫిట్టరు తన జట్టులో లేచి, ఇప్పుడే తీసేయొద్దు, ఖాళీగా ఉన్న మేమంతా బయటికెళ్లి కొత్త పని వెతుకుతాం అన్నాడు. జట్టు ఒప్పుకుంది. నిర్ణయం పైవాళ్లది కాబట్టి ఆ ఫిట్టరునే లంకెగా ఎంచుకుని పైకి పంపారు. అక్కడ అతను విన్నపం పెట్టుకోలేదు, తీర్పులో భాగంగా కూర్చున్నాడు. అనుమతి దొరికింది. పని కూడా దొరికింది. కింద ఉన్నవాడికి తెలిసిన సంగతి పైదాకా వెళ్లడానికి దారి లేకపోతే ఆ కంపెనీ కథ వేరేగా ఉండేది.

పాలకొండ_రెండోలీడరు
మా దగ్గరా ప్రతి గ్రూపు నుంచి ఇద్దరు లీడర్లు గ్రామ సంఘానికి వెళ్తాం, అక్కణ్నుంచి మండల సమాఖ్యకి. ఇద్దరెందుకని ఎప్పుడూ ఆలోచించలేదు. ఒక్కరే వెళ్తే వచ్చి చెప్పింది నమ్మాలి. ఇద్దరు వెళ్తే ఒకరు మర్చిపోయింది ఇంకొకరు చెబుతారు. వచ్చే దారిలో మాట్లాడుకుంటాం కూడా.

బెజవాడ_బాబాయ్
నాయకుణ్ని ఎలా ఎన్నుకుంటారు? అక్కడే కదా అన్ని సంఘాలూ చీలేది.

న్యూజెర్సీ_అత్త
మా చీలిక దానికి ముందే అయిపోయింది బాబాయ్ గారూ, కానీ ప్రశ్న మంచిది.

లెక్కల_మాస్టారు
ఎన్నిక అనకండి, ఎంపిక అనండి. తమిళనాడు, కేరళల్లో కొన్నిచోట్ల ముప్పై ఇళ్లకో పిల్లల పార్లమెంటు నడుస్తుంది, అక్కడ పిల్లలు చేసేది ఇదే. ఎవరూ నిలబడరు, ప్రచారం ఉండదు. ముందు ఈ పనికి ఎలాంటి మనిషి కావాలో మాట్లాడుకుంటారు. తర్వాత ఒక్కొక్కరూ ఒక పేరు చెప్పి, ఎందుకో చెబుతారు. కారణాలు విన్నాక పేరు మార్చుకోవచ్చు. చివరికి ఒక పేరు మీద ఎవరికైనా అభ్యంతరమా అని చుట్టు తిరుగుతుంది. నేను మా బడిలో క్లాస్ లీడరుకి చేయించాను. ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి పేరు తొమ్మిది మంది చెప్పారు. ‘హోంవర్క్ అడిగితే కసురుకోదు’ అని కారణం. ఆ పిల్ల తల పైకెత్తి ఒక్కొక్కళ్లనీ చూసింది. ఓటింగైతే ఆ పేరు ఎవరి నోటా వచ్చేది కాదు.

తాటిముంజ
మాస్టారూ, ఇది చదివి కళ్లు చెమర్చాయి.

కూకట్‌పల్లి_ఫ్లాట్స్
ఒక ముఖ్యమైనది మిగిలింది. గడువు. ప్రతి నిర్ణయానికీ ‘మళ్లీ చూసే తేదీ’ రాయండి. మా పెద్దాయన సగం విషయాలకి దిగొచ్చింది అందుకే. ‘మూడు నెలలే కదా, చూద్దాం’ అంటాడు. శాశ్వతం అంటే ఎవరికైనా భయమే.

అరుగుమీద_పుస్తకం
వెళ్లొచ్చాను.

ఆవిడ ఇంట్లో గుమ్మం పక్కన గోడకి మేకు ఉంది. దానికి మా లైబ్రరీ తాళంచెవి కట్టుకునే ఎర్ర దారం ఇంకా వేలాడుతోంది. చెవి లేదు, దారమే. నాకు మాట రాలేదు. టీ ఇచ్చింది. నర్సక్క చెప్పినట్టే ‘ఎందుకు చెప్పలేదు’ అని అడగలేదు. ‘ఆఖరి బస్సు ఎన్నింటికి? అది పోతే ఎలా వస్తారు?’ అన్నాను. బస్సు తప్పిన రోజు రోడ్డు దాకా మూడు కిలోమీటర్లు నడిచానని, రెండుసార్లు అలా అయ్యాక మానేశానని చెప్పింది. ‘చదువుకున్నోళ్లందరూ సరే అన్నాక నానొక్కర్తినీ కాదంటే పనికి అడ్డం పడ్డట్టుంటాది గదమ్మా’ అంది.

పాలకొండ అక్క చెప్పిన ముల్లు సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, ‘అలాగడిగితే నాను చెప్పీదాన్ని’ అంది.

ఆదివారం మళ్లీ కూర్చున్నాం, ఈసారి బెంచీలు తీసేసి చాప మీద. మూడు చుట్లు తిరిగాం. అర్థం కానిది అడిగే చుట్టు, అనిపించింది చెప్పే చుట్టు, ముల్లుందా అని తేల్చే చుట్టు. ప్రతి చుట్టూ ఆవిడ దగ్గరే మొదలుపెట్టాం. సాయంత్రం టైము అలాగే ఉంటుంది, పిల్లలకి అదే కావాలి. వీధిలోనే ఉండే వాలంటీరు ఒకబ్బాయి సాయంత్రాలు తాళం చూసుకుంటాడు. శని, ఆదివారాలు పొద్దున లైబ్రరీ ఆవిడ చేతిలో. మొదటి ప్రతిపాదనలో ఆదివారం పొద్దున తెరవడమన్నదే లేదు. అది ఆవిడ చెప్పిందే: పల్లెల పిల్లలు ఆదివారం సంతకి అమ్మానాన్నలతో వస్తారు, వాళ్లెవరికీ సాయంత్రం కుదరదు అని. అయిదేళ్లలో మాకెవరికీ తట్టలేదు.

మళ్లీ చూసే తేదీ దీపావళి తర్వాతి ఆదివారం. ఆడిటర్ తమ్ముడు చెప్పినట్టు పుస్తకంలో తీర్మానంగానే రాశాను. జూన్ నాటి పేజీ కింద కూడా ఒక వాక్యం రాసి సంతకం పెట్టాను: ‘ఈ రోజు అందరినీ అడగలేదు.’

గోడకి చార్టు పెట్టాం. జట్టు, లంకె, చుట్టు, ముల్లు, ఎంపిక, మళ్లీ చూసే తేదీ. కన్సెంట్ దగ్గర చాలాసేపు ఆగాం. ‘పర్లేదు’ ఒక్కటే అంటే నర్సక్క భయం నిజమవుతుందని, ‘నాకు ముల్లు లేదు’ అని పూర్తిగా అనాలని తేల్చుకున్నాం. ‘మీ ఇష్టం’ అని ఎవరన్నా అంటే ఆగి మళ్లీ అడగాలి. అది కూడా చార్టులో రాశాం.

పాలకొండ_రెండోలీడరు
మా పెద్దావిడకి చదివి వినిపించాను. ఆ పెద్దమ్మని ఓసారి మా గ్రూపు మీటింగుకి పంపమంది.

నర్సక్క_కర్నూలు
ఆవిడ దగ్గరే చుట్టు మొదలుపెట్టడం చాలా మంచి పని. పెద్దగా మాట్లాడేవాళ్లు ముందు చెప్పేస్తే మిగతావాళ్లు వాళ్ల వెనక దాక్కుంటారు.

పదాల_పెట్టె
చార్టు ఫొటో పెట్టండి. ‘డొమైన్’కి ఏం రాశారు?

అరుగుమీద_పుస్తకం
ఆదివారం పెడతాను. డొమైన్ దగ్గర ఇంకా ఖాళీయే. మాస్టారు ‘పరిధి’ అంటారు, పెద్దమ్మ ‘ఎవుల వాకిలి ఆళ్లు ఊడ్చుకోవాల’ అంది. అది ఒక్క మాటలో ఎలా చెప్పాలో చూస్తున్నాం.